యాంటీబయాటిక్ అలర్జీలు

బ్యాక్టీరియాను అణచడానికి ఇచ్చిన మందునే శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా ఎంచి ప్రతిఘటించడాన్ని యాంటీబయాటిక్ అలర్జీ అంటారు. మందు పడిన కొన్ని నిమిషాల్లోనే ప్రాణం మీదికి తెచ్చే అనాఫిలాక్సిస్ మొదలుకొని, వారం తరువాత ఒంటి మీద కనిపించి తనంతట తానే మాసిపోయే దద్దు వరకు దీని రూపాలు అనేకం. మందుల వల్ల వచ్చే అలర్జీల్లో యాంటీబయాటిక్‌లదే పెద్ద వాటా, వాటిలో పెన్సిలిన్ కుటుంబానిది మొదటి స్థానం. అయితే తమకు ఈ అలర్జీ ఉందని చెప్పుకునేవారిలో అత్యధికులకు నిజానికి అది లేదు. అమెరికాలో నూటికి పదిమంది రోగుల రికార్డుల్లో పెన్సిలిన్ అలర్జీ అని రాసి ఉంటుంది. పరీక్షించి చూస్తే వారిలో 90 శాతానికి పైగా ఆ మందును ఏ ఇబ్బందీ లేకుండా తీసుకోగలుగుతారు. మిగిలినవారిలో కొందరికి మాత్రం ఒక్క మోతాదే ప్రాణాంతకం కావచ్చు. ఈ రెండు వర్గాలను విడదీయడమే ఈ రంగంలో వైద్యులకు అసలైన పని.

చరిత్ర

అలర్జీ అనే మాటను 1906లో ఆస్ట్రియా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే ప్రవేశపెట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందే ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే ఒక సముద్రజీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క రెండోసారి అతి కొద్ది మోతాదుకే నిమిషాల్లో చనిపోయింది. ఆ ప్రతిచర్యకు వారు అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి యాంటీబయాటిక్‌లు ఇంకా లేవు.

1930ల్లో సల్ఫా మందులు రాగానే వాటి వెంటే మందు దద్దుర్లు, మందు జ్వరాలు కూడా వచ్చాయి. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్‌ను 1941లో ఆక్స్‌ఫర్డ్ బృందం రోగులకు ఇచ్చి చూసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అది సామాన్యుల చేతికి అందింది. ఆ ఉత్సాహంలో దాన్ని సూదిమందుగానే కాక లేపనాలు, గొంతులో చప్పరించే బిళ్లలు, పొడుల రూపంలోనూ విచ్చలవిడిగా అమ్మారు. చర్మానికి పూసే పెన్సిలిన్ అలర్జీని పుట్టించడంలో మిగతా రూపాలన్నిటినీ మించినదని తరువాత తేలింది. దశాబ్దం తిరగకముందే, 1949లో, పెన్సిలిన్ సూది వల్ల అనాఫిలాక్సిస్ వచ్చి మరణించిన ఉదంతం అమెరికా వైద్య పత్రికకెక్కింది.

పెన్సిలిన్ పడనివారికి మరో దారి చూపిన తొలి మందుల్లో ఒకదానికి తెలుగువారితో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనకు సారథ్యం వహిస్తున్న కాలంలో బెంజమిన్ డగ్గర్ అక్కడే ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో వెలువడిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అలర్జీ తక్కువగా కలిగించే కుటుంబాల్లో అది నేటికీ ఒకటి.

అలర్జీ ఎలా పుడుతుంది

పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. అంత చిన్న పదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థ మామూలుగా పట్టించుకోదు. కానీ పెన్సిలిన్‌లో బీటా-లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల వలయం ఉంటుంది. బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుపడేది ఈ వలయమే. శరీరంలో ఇది విచ్చుకుని రక్తంలోని, కణాల మీది ప్రోటీన్లకు గట్టిగా అతుక్కుంటుంది. అలా ప్రోటీన్‌తో జతకూడినప్పుడు మాత్రమే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తిస్తుంది. ఇలా జతకూడితే తప్ప ప్రతిచర్యను రేపలేని చిన్న అణువులను హాప్టెన్‌లు అంటారు. మందు సూక్ష్మజీవిని చంపే గుణం, మనిషికి అలర్జీ తెచ్చే గుణం రెండూ ఒకే వలయంలో ఉండటం ఈ మందు రసాయనంలోని విచిత్రం.

కొందరిలో ఈ గుర్తింపు వల్ల ఇమ్యునోగ్లోబులిన్-ఇ అనే ప్రతిరక్షకాలు తయారై చర్మం, శ్వాసనాళాలు, పేగుల్లోని మాస్ట్ కణాల మీద అమరి కూర్చుంటాయి. ఈ దశలో పైకి ఏ లక్షణమూ కనిపించదు. మరోసారి అదే మందు లోపలికి వెళ్లినప్పుడు ఆ కణాలు ఒక్కసారిగా హిస్టమిన్, ట్రిప్టేజ్, ల్యూకోట్రైన్ వంటి పదార్థాలను వెదజల్లుతాయి. రక్తనాళాలు వదులవుతాయి, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, చర్మం ఉబ్బుతుంది. ఇంతకు ముందు ఎన్నోసార్లు వాడినా ఏమీ కాలేదన్న మాట కాబట్టి భరోసా కాదు. అలర్జీ పుట్టాలంటే ముందొకసారి వాడి ఉండాలి. రోగి మొదటిసారి అనుకునేది తరచు మొదటిసారి కాదు, చిన్నప్పుడు తాగిన సిరప్‌లు, పేరు తెలియని సూదులు ఎవరికీ గుర్తుండవు.

రెండో దారిలో ప్రతిరక్షకాలతో పని లేదు. టి-కణాలు మందును గుర్తుపట్టి, రోజుల తరబడి సంఖ్య పెంచుకుని చర్మం మీద, కొన్నిసార్లు కాలేయం, మూత్రపిండాల మీద దాడి చేస్తాయి. ఆలస్యంగా వచ్చే ప్రతిచర్యలన్నీ దాదాపు ఈ కోవలోవే. ఇందులో వంశపారంపర్య లక్షణాల పాత్ర కొంత తేలింది. వాంకోమైసిన్ వల్ల వచ్చే ఒక తీవ్ర ప్రతిచర్యకు హెచ్‌ఎల్‌ఏ-ఏ 32:01 అనే జన్యు రకానికి సంబంధం ఉందని 2019లో నిర్ధారించారు. అంతమాత్రాన తల్లికి పెన్సిలిన్ పడకపోతే బిడ్డకూ మానేయాలన్న నియమం లేదు. కుటుంబంలో ఒకరికి అలర్జీ ఉండటం మరొకరికి మందు నిరాకరించడానికి తగిన కారణం కాదు.

మూడో దారిలో అసలు రోగనిరోధక జ్ఞాపకమే ఉండదు. వాంకోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి మాస్ట్ కణాల మీది ఒక గ్రాహకాన్ని నేరుగా తాకి హిస్టమిన్‌ను విడుదల చేయిస్తాయి. వాంకోమైసిన్ వేగంగా ఎక్కిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పెట్టడానికి కారణం ఇదే. గ్రాము మందును కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కిస్తే చాలామందిలో ఆ బాధ రాదు. చూడటానికి అలర్జీలా ఉన్నా మందు పూర్తిగా మానవలసిన పని సాధారణంగా ఉండదు.

ప్రతిచర్యల రూపాలు

తక్షణ ప్రతిచర్యలు మందు అందిన గంటలోపు, ఎక్కువగా మొదటి కొన్ని నిమిషాల్లోనే మొదలవుతాయి. నరంలోకి ఎక్కిస్తే మరీ త్వరగా, మాత్ర మింగితే కాస్త ఆలస్యంగా వస్తాయి. చర్మం మీద దోమకాటులా ఉబ్బిన, దురద పెట్టే దద్దుర్లు లేస్తాయి. ఒక్కో దద్దు కొన్ని గంటల్లో ఒకచోట మాయమై మరోచోట తేలుతుంది. పెదవులు, కనురెప్పలు, నాలుక వాయవచ్చు. దీనితో పాటు గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఆయాసం, వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం వంటివి తోడైతే అది అనాఫిలాక్సిస్. చర్మం మీద ఏమీ కనిపించకుండా నేరుగా రక్తపోటు పడిపోయే సందర్భాలూ ఉన్నాయి. దద్దుర్లు లేవు కాబట్టి అలర్జీ కాదనుకోవడం అప్పుడు ప్రమాదకరం.

ఆలస్యపు ప్రతిచర్యల్లో అతి సాధారణమైనది వారం, పది రోజుల వాడకంలో ఒళ్లంతా లేచే ఎర్రటి చిన్న మచ్చల దద్దు. ఇది సాధారణంగా ప్రమాదం లేకుండా తగ్గిపోతుంది. పిల్లల్లో అమాక్సిసిలిన్ వాడుతుండగా వచ్చే ఇలాంటి దద్దులో ఎక్కువ భాగం మందు వల్ల కాదు, ఆ జ్వరానికి కారణమైన వైరస్ వల్ల వస్తుంది. కెనడాలోని మాంట్రియల్‌లో అమాక్సిసిలిన్ అలర్జీ అనుమానం ఉన్న 818 మంది పిల్లలకు అదే మందు మళ్లీ ఇచ్చి చూసిన అధ్యయనం 2016లో వెలువడింది. వారిలో 94 శాతం మందికి ఏమీ కాలేదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ జ్వరంలో ఆంపిసిలిన్ లేదా అమాక్సిసిలిన్ ఇస్తే ఒళ్లంతా ఎర్రగా పేలుతుంది. ఆ జ్వరం తగ్గాక చాలామంది అదే మందును తట్టుకోగలుగుతారు.

ఎప్పుడు మందు వాడినా శరీరం మీద సరిగ్గా అదే చోట నల్లటి గుండ్రని మచ్చ తేలడం మరో రకం. దీన్ని స్థిర ఔషధ దద్దు అంటారు. పెదవుల మీద, జననాంగాల మీద, చేతుల మీద వస్తుంది. కోట్రైమాక్సజోల్, టినిడజోల్, ఆర్నిడజోల్, నార్‌ఫ్లాక్సాసిన్ దీనికి పేరుపడ్డ మందులు. నీళ్ల విరేచనాలు పట్టుకోగానే మందుల షాపులో అడిగి తెచ్చుకునే జంట మందుల్లో ఇవే ఉంటాయి. అందుకే ఏడాదికోసారి పెదవి మీద నల్లమచ్చ తేలేవారు దాన్ని వేడి చేసిందనో, మరొకటనో అనుకుని ఊరుకోవడం జరుగుతుంది.

అరుదైనవే అయినా అన్నిటికంటే భయపడవలసినవి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్. మొదటిదాన్ని 1922లో ఇద్దరు అమెరికా వైద్యులు, రెండోదాన్ని 1956లో బ్రిటిష్ చర్మవైద్యుడు అలన్ లయల్ వర్ణించారు. ఇవి ఒకే వ్యాధి రెండు మెట్లు. శరీరోపరితలంలో 10 శాతం లోపు చర్మం ఊడితే మొదటిది, 30 శాతం దాటితే రెండోది, మధ్యలోది రెండింటి కలయిక. జ్వరం, కళ్లు ఎర్రబడి మండటం, నోటిలో పుళ్లు, తాకితే నొప్పి పుట్టే చర్మం, ఆ తరువాత బొబ్బలు, ఈ క్రమంలో వస్తుంది. రెండో మెట్టుకు చేరినవారిలో మూడింట ఒకవంతు దాకా చనిపోతారు. యాంటీబయాటిక్‌లలో సల్ఫా మందులే దీనికి ప్రధాన కారణం. మందు వాడటం మొదలెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ముఖం వాపు, బిళ్లకట్టిన గ్రంథులు, రక్తంలో ఇయోసినోఫిల్స్ పెరుగుదల, కాలేయం దెబ్బతినడంతో వచ్చే డ్రెస్ సిండ్రోమ్ కూడా ఇంతే తీవ్రమైనది. వీటిలో ఏది వచ్చినా ఆ మందును జన్మలో మళ్లీ ఇవ్వకూడదు. పరీక్ష కోసమైనా సరే.

అలర్జీ కానివి

ఏ మందు తరువాత ఏ బాధ కలిగినా "ఆ మందు నాకు పడదు" అనడం వాడుక. వాటిలో చాలావాటికి రోగనిరోధక వ్యవస్థతో సంబంధం లేదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ వల్ల విరేచనాలు, మెట్రోనిడజోల్ వల్ల నోట్లో ఇనుము చప్పరించినట్టుండే రుచి, ఎరిత్రోమైసిన్ వల్ల కడుపులో మెలి, డాక్సీసైక్లిన్ వాడుతూ ఎండలో తిరిగితే చర్మం కమలడం దుష్ఫలితాలే గాని అలర్జీలు కావు. సిఫిలిస్‌కు మొదటి పెన్సిలిన్ సూది పడిన కొన్ని గంటల్లో వణుకుతో జ్వరం వస్తుంది. చచ్చిన సూక్ష్మజీవుల పదార్థం రక్తంలో కలవడం దానికి కారణం, మందు మీద కోపం కాదు. సూదంటే భయంతో సొమ్మసిల్లడం మరొకటి. సొమ్మసిల్లినప్పుడు నాడి నెమ్మదిస్తుంది, ఒళ్లు పాలిపోయి చల్లబడుతుంది. అనాఫిలాక్సిస్‌లో సాధారణంగా నాడి పరుగెడుతుంది, ఒళ్లు ఎర్రబడి దురద పెడుతుంది.

మందుల కుటుంబాలు, చుట్టరికాలు

ఒక మందు పడనివారికి దాని బంధువులు పడతాయా అన్నది వైద్యుడికి రోజూ ఎదురయ్యే ప్రశ్న. పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలో నూటికి పదిమందికి సెఫలోస్పోరిన్‌లు కూడా పడవని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. తొలినాటి సెఫలోస్పోరిన్‌లలో పెన్సిలిన్ మలినాలు కలిసి ఉండటం ఆ లెక్క పెరగడానికి ఒక కారణం. నేటి అంచనా సుమారు 2 శాతం. నిజంగా చూడవలసింది రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వలయాన్ని కాదు, దానికి వేలాడే పక్క గొలుసును. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ పక్క గొలుసులు సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్, సెఫాక్లోర్‌లవాటిని పోలి ఉంటాయి కాబట్టి వీటి మధ్య జాగ్రత్త అవసరం. సెఫ్‌ట్రియాక్సోన్, సెఫోటాక్సిమ్, సెఫిపైమ్ ఒక గుంపు. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే సెఫజోలిన్ పక్క గొలుసు మరే మందుతోనూ కలవదు, అందుకే పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలోనూ అది చాలావరకు నిరపాయం. మెరోపెనెమ్ వంటి కార్బపెనెమ్‌లతో చుట్టరికం ఒక శాతం కూడా లేదు. ఆజ్ట్రియోనామ్‌కు ఉన్న ముఖ్య బంధువు సెఫ్‌టాజిడిమ్.

సల్ఫా మందుల విషయంలోనూ ఇలాంటి అపోహ ఒకటి ఉంది. కోట్రైమాక్సజోల్ పడనివారికి ఫ్యూరోసెమైడ్ వంటి సల్ఫోనమైడ్ భాగమున్న ఇతర మందులు కూడా ఇవ్వరాదని చాలామంది నమ్ముతారు. అలర్జీకి కారణమైన నిర్మాణం ఆ మందుల్లో లేదు. గంధకానికి, ఆహారంలో కలిపే సల్ఫైట్‌లకు ఈ అలర్జీతో అసలు సంబంధమే లేదు. అజిత్రోమైసిన్ కుటుంబంలో నిజమైన అలర్జీ తక్కువ. గీసుకున్న చోటల్లా రాసే లేపనాల్లోని నియోమైసిన్ చర్మానికి తగిలినచోట తామరలాంటి దద్దు తెస్తుంది. పుండు మానక, లేపనం మరింత రాస్తూ పోయేవారిలో దీన్ని అనుమానించాలి.

అలర్జీ ముద్ర ఖరీదు

రికార్డులో పెన్సిలిన్ అలర్జీ అన్న ముద్ర పడితే వైద్యుడు సహజంగానే మరో మందు వైపు వెళ్తాడు. ఆ మరో మందు తరచు ఎక్కువ ఖరీదైనది, ఎక్కువ రకాల బ్యాక్టీరియాను చంపేది, అసలు రోగానికి తక్కువగా పనిచేసేది. బ్రిటన్ రోగుల రికార్డుల ఆధారంగా 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ ముద్ర ఉన్నవారికి మందులకు లొంగని స్టాఫిలోకాకస్ సోకే అవకాశం 69 శాతం, ప్రాణాంతక విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ సోకే అవకాశం 26 శాతం ఎక్కువని తేలింది. శస్త్రచికిత్స చేయించుకునేవారిలో కోతపెట్టిన చోట చీము పట్టే అవకాశం కూడా పెరుగుతుంది. సెఫజోలిన్ బదులు అంత బాగా పనిచేయని మందు ఇవ్వడమే దానికి కారణం.

నిజమైన అలర్జీ కూడా కలకాలం ఉండదు. తక్షణ రకం పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలో సుమారు 80 శాతం మంది, పదేళ్లపాటు ఆ మందుకు దూరంగా ఉంటే, దాన్ని తిరిగి తట్టుకోగలుగుతారు. చిన్నప్పుడు వచ్చిందని అమ్మ చెప్పిన అలర్జీని నలభై ఏళ్ల వయసులో పరీక్షించకుండా మోయడంలో అర్థం లేదు.

నిర్ధారణ

నిర్ధారణలో మొదటి మెట్టు ఓపికగా వినడం. ఏ మందు, ఎన్నేళ్ల క్రితం, ఎన్నో మోతాదు తరువాత, ఎంతసేపటికి, ఏం కనిపించింది, దానికి చికిత్స అవసరమైందా, ఆ తరువాత అలాంటి మందు ఎప్పుడైనా వాడారా అన్న ప్రశ్నలతోనే సగం విషయం తేలుతుంది. చివరి ప్రశ్న ముఖ్యమైనది. పెన్సిలిన్ పడదని చెప్పే రోగి నిరుడు దంతవైద్యుడిచ్చిన అమాక్సిసిలిన్ హాయిగా వాడి ఉండవచ్చు.

ఈ ప్రశ్నలను 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు పెన్-ఫాస్ట్ అనే చిన్న లెక్కగా మలిచారు. ప్రతిచర్య ఐదేళ్లలోపుదైతే 2 పాయింట్లు, అనాఫిలాక్సిస్ లేదా ముఖం వాపు లేదా తీవ్రమైన చర్మ ప్రతిచర్య అయితే 2, చికిత్స అవసరమై ఉంటే 1. మొత్తం మూడు కంటే తక్కువైతే నిజమైన అలర్జీ ఉండే అవకాశం 5 శాతం లోపే. అలాంటి పెద్దవారికి చర్మ పరీక్ష లేకుండానే వైద్యుల కళ్లముందు ఒక మోతాదు మింగించి చూడటం సరిపోతుందని 2023లో ప్రకటించిన అంతర్జాతీయ ప్రయోగం నిరూపించింది.

మిగిలినవారికి చర్మ పరీక్ష చేస్తారు. పెన్సిలిన్ ప్రోటీన్‌కు అతుక్కున్నప్పుడు ఏర్పడే భాగాన్ని పోలిన పెన్సిలోయిల్-పాలిలైసిన్‌ను, మామూలు పెన్సిలిన్‌ను ముందు చర్మం మీద గుచ్చి, తరువాత చర్మంలోకి కొద్దిగా ఎక్కించి పావుగంట, ఇరవై నిమిషాలు చూస్తారు. పోల్చడానికి ఒకవైపు హిస్టమిన్, మరోవైపు ఉప్పునీరు వాడతారు. జలుబు, దురద మాత్రలు ముందే కొన్నాళ్లు మానకపోతే ఫలితం తప్పుతుంది. పరీక్ష నెగటివ్ వచ్చినా చివరికి ఒక మోతాదు మింగించి చూశాకే ముద్ర తొలగిస్తారు.

టెస్ట్ డోస్

మన దేశంలోని ఆసుపత్రుల్లో సెఫ్‌ట్రియాక్సోన్ వంటి సూది వేసే ముందు అదే సీసాలోని మందును కాస్త పలచన చేసి ముంజేతి చర్మంలోకి ఎక్కించి, ఎర్రబడకపోతే పూర్తి మోతాదు ఇచ్చే అలవాటు పాతుకుపోయింది. తెలుగునాట దీన్ని టెస్ట్ డోస్ అంటారు, మందుల చీటీల మీదా అదే రాస్తారు. ఇది పైన చెప్పిన చర్మ పరీక్ష కాదు. ఎంత పలచన చేయాలో ప్రమాణం లేదు, పోల్చడానికి హిస్టమిన్ లేదు. గాఢమైన మందు అలర్జీ లేనివారి చర్మాన్నీ రేపుతుంది, దానితో అనవసరంగా ముద్ర పడుతుంది. నెగటివ్ వచ్చినవారికి పూర్తి మోతాదుతో అనాఫిలాక్సిస్ రావచ్చు. అలర్జీ తీవ్రంగా ఉన్నవారికి ఆ చిటికెడు మోతాదే ప్రమాదం తేవచ్చు. గత చరిత్ర అడగడం, అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవడం, సూది వేశాక అరగంట కూర్చోబెట్టడం రోగికి దీనికంటే ఎక్కువ రక్షణ ఇస్తాయి. ఇవి మాని టెస్ట్ డోస్‌ను మాత్రం పాటించడం చట్టపరమైన భయానికి విరుగుడే గాని రోగికి కాదు.

భయం రోగానికంటే ఎక్కువ నష్టం చేసిన ఉదాహరణ బెంజథీన్ పెన్సిలిన్. కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి ఈ సూది ఏళ్ల తరబడి వేస్తే జబ్బు తిరగబెట్టదు. 1991లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనంలో 1,790 మందికి వేసిన 32 వేలకు పైగా సూదుల్లో అనాఫిలాక్సిస్ వచ్చింది నాలుగుసార్లు, మరణం ఒకటి. అయినా అలర్జీ భయంతో ఈ సూది వేయడానికి వెనుకాడే వైద్యులు చాలామంది ఉన్నారు. కవాటాలు బాగా పాడైన రోగుల్లో సూది తరువాత సంభవించిన మరణాల్లో చాలావాటికి అలర్జీ కాదు, బలహీనమైన గుండె ఆ క్షణపు కుదుపును తట్టుకోలేకపోవడమే కారణం కావచ్చని అమెరికా హార్ట్ అసోసియేషన్ 2022లో పేర్కొని, అలాంటివారికి సూది బదులు మాత్రలు సూచించింది.

అనాఫిలాక్సిస్ చికిత్స

అనాఫిలాక్సిస్‌కు మందు అడ్రినలిన్ ఒక్కటే. పెద్దలకు అర మిల్లీగ్రాము, అంటే మామూలు ఒక మిల్లీలీటరు ఆంపుల్‌లో సగం, తొడ మధ్యభాగంలో బయటివైపు కండరంలోకి ఇస్తారు. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ ఇస్తారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరాడనివారిని ఆనుకుని కూర్చోనివ్వాలి, గర్భిణిని ఎడమవైపు తిప్పాలి. ఉన్నట్టుండి లేచి నిలబడటం వల్లనే కొందరి గుండె ఆగిపోతుంది. అవిల్, డెక్సామెథాసోన్ సూదులతో మొదలుపెట్టడం మన దగ్గర తరచు జరిగే పొరపాటు. అవి దురదను, దద్దును తగ్గిస్తాయి గాని మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోయిన రక్తపోటును లేపలేవు. విదేశాల్లో రోగులు జేబులో పెట్టుకునే అడ్రినలిన్ పెన్ను ఇక్కడ సులభంగా దొరకదు కాబట్టి 108కు ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి చేరడమే మార్గం. తేరుకున్నాక కొన్ని గంటలకు లక్షణాలు మళ్లీ తిరగబెట్టవచ్చు, అందుకే వెంటనే ఇంటికి పంపరు.

డీసెన్సిటైజేషన్

నిజమైన అలర్జీ ఉన్నా ఆ మందు తప్ప గత్యంతరం లేని సందర్భాలుంటాయి. గర్భిణికి సిఫిలిస్ ఉంటే బిడ్డను కాపాడే మందుగా రుజువైనది పెన్సిలిన్ ఒక్కటే. అప్పుడు అసలు మోతాదులో అతి స్వల్ప భాగంతో మొదలుపెట్టి, పావుగంటకోసారి రెట్టింపు చేస్తూ కొన్ని గంటల్లో పూర్తి మోతాదుకు చేరుస్తారు. మాస్ట్ కణాలు తాత్కాలికంగా మొద్దుబారతాయి. మందు వాడుతున్నంత కాలమే ఈ సహనం ఉంటుంది. ఒకటి రెండు రోజులు మానితే అలర్జీ తిరిగి వస్తుంది, మళ్లీ అవసరమైతే మొదటి నుంచి చేయాలి. ఇది అత్యవసర సదుపాయాలున్న ఆసుపత్రిలో చేసే పని. చర్మం ఊడిపోయే రకం ప్రతిచర్య వచ్చినవారికి దీన్ని చేయరు.

యాంటీబయాటిక్‌లను వాడే పద్ధతి

అవసరం లేని మందు తీసుకోకపోవడమే అలర్జీ నుంచి మొదటి రక్షణ. జలుబు, ఫ్లూ, చాలా రకాల గొంతునొప్పులు, పిల్లల నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వస్తాయి. వాటికి అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకున్నా, మానేసినా వచ్చే తేడా లేదు. 2019లో దేశంలోని ప్రైవేటు మార్కెట్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ మాత్ర అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములే. మూడో తరం సెఫలోస్పోరిన్‌లు సహా 46 మందులను 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1లో చేర్చారు. వైద్యుడి చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు, అమ్మిన వివరం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. 2016లో కేంద్రం మొదలుపెట్టిన రెడ్ లైన్ ప్రచారం మందుల పట్టీల మీది నిలువు ఎర్రగీతను గమనించమని చెప్పింది. ఊళ్లలో ఆర్‌ఎంపీ డాక్టర్లు, పట్నాల్లో మందుల షాపులు ఈ గీతను దాటే తీరు అందరికీ తెలిసిందే.

జంట మందులు మరో చిక్కు. ఒకే మాత్రలో రెండు యాంటీబయాటిక్‌లుంటే దద్దు దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. రోగికి గుర్తుండేది కంపెనీ పేరు, వైద్యుడికి కావలసింది మందు పేరు. పట్టీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

మందు వేసుకునే తీరులోనూ తేడాలున్నాయి. డాక్సీసైక్లిన్ మాత్రను గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంటైనా పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందులకు రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతో తీసుకోవాలి. కలిపి వేసుకుంటే అది పేగుల్లో ఇంకదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ పళ్లకు మరక తెస్తుంది. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ చెవులను, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఫ్లోరోక్వినోలోన్‌లు మడమ స్నాయువును తెంపవచ్చని అమెరికా నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. జీ6పీడీ లోపం ఉన్నవారిలో నైట్రోఫ్యురాంటాయిన్, కొన్ని సల్ఫా మందులు ఎర్రరక్త కణాలను చిట్లగొడతాయి. రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ వాడేవారికి కోట్రైమాక్సజోల్ ఇస్తే రక్తస్రావం కావచ్చు. నెలలోపు పసికందులకు కాల్షియం ఎక్కిస్తూ సెఫ్‌ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. గర్భిణులకు పెన్సిలిన్‌లు, సెఫలోస్పోరిన్‌లు ఎంతోకాలంగా నిరపాయమని తేలినవి. అందుకే ఆ దశలో అబద్ధపు పెన్సిలిన్ ముద్ర మరీ ఇబ్బంది.

ఎన్ని రోజులు వాడాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. స్ట్రెప్టోకాకల్ గొంతునొప్పికి పెన్సిలిన్ పది రోజులు ఇస్తారు, మామూలు న్యుమోనియాకు చాలామందికి ఐదు రోజులు చాలని నేటి మార్గదర్శకాలు అంటున్నాయి. వైద్యుడు చెప్పిన గడువుకు ముందే సొంతంగా ఆపడం, మిగిలిన మాత్రలు దాచి ఇంకొకరికి ఇవ్వడం రెండూ తప్పే. వాడుతుండగా దద్దు కనిపిస్తే మరో మోతాదు వేసుకోకుండా వైద్యుణ్ని అడగాలి. దద్దుతో పాటు ఆయాసం, ముఖం వాపు, నోటిపుళ్లు, కళ్ల మంట, బొబ్బలు, జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నమోదు

ప్రతిచర్య వచ్చినప్పుడు మందు అసలు పేరు, తేదీ, ఎన్నో మోతాదు, ఎంతసేపటికి వచ్చింది, ఏం కనిపించింది, ఏ చికిత్సతో తగ్గింది అన్నవి చీటీ మీద రాయించుకోవాలి. వీలైతే దద్దు ఫొటో ఉంచుకోవాలి. కేవలం అలర్జీ అన్న ఒక్క మాట పదేళ్ల తరువాత చూసే వైద్యుడికి దేనికీ పనికిరాదు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా 2010లో మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. వైద్యులే కాక రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలపవచ్చు. పరీక్షలో అలర్జీ లేదని తేలినప్పుడు ఆ సంగతినీ ఇంతే జాగ్రత్తగా రాయించాలి. ఒక ఆసుపత్రి కొట్టేసిన ముద్రను మరో ఆసుపత్రి పాత చీటీ చూసి తిరిగి వేయడం, రోగి తానే అలవాటు కొద్దీ పెన్సిలిన్ పడదని చెప్పడం ఆ రాత లేనప్పుడు జరుగుతుంటాయి.